తడి ఆరిన వత్తి

ఇ-సిగరెట్ గురించి మనకు రెండు రకాల మాటలు వినిపిస్తుంటాయి. అమ్మేవాళ్లూ, అలవాటు పడ్డవాళ్లూ చెప్పేది ఒకటి: ఇందులో పొగాకు లేదు, నిప్పు లేదు, వచ్చేది వట్టి నీటి ఆవిరి. పిల్లల గురించి భయపడే పెద్దలు చెప్పేది రెండోది: ఇదీ సిగరెట్టే, కాకపోతే కరెంటుతో వెలుగుతుంది. ఈ రెండింట్లో ఏది నిజమని వాదించుకుంటూ కూర్చోనక్కర్లేదు. ఆ పరికరంలో ఆటమైజర్ అనే చిన్న భాగం ఉంటుంది. దాన్ని విప్పి, ఒక్కొక్క ముక్కా పక్కన పెట్టి, ఏది ఎందుకుందో ఆరా తీస్తే రెండు మాటలూ నిలబడవని తేలిపోతుంది. దాన్ని అర్థం చేసుకోవడానికి పదో తరగతి భౌతికశాస్త్రం చాలు. ఈ ప్రసంగంలో నేను రుజువు చేయదలచుకున్నది ఒక్కటే. ఇ-సిగరెట్ పీల్చే మనిషి ఊపిరితిత్తుల్లోకి ఏం పోతుందన్నది సీసా మీద అంటించిన చీటీని చదివితే తెలియదు. లోపల తీగ ఎంత వేడెక్కింది, దాని చుట్టూ ఉన్న వత్తి ఎంత తడిగా ఉంది అన్న రెండు విషయాలే దాన్ని నిర్ణయిస్తాయి. కాబట్టి తయారుచేసేవాడైనా, నియంత్రించే ప్రభుత్వమైనా, బిడ్డను హెచ్చరించే తల్లిదండ్రులైనా చూడవలసింది ఆ తీగ వైపు.

ముందు ఈ వస్తువు పుట్టుక గురించి కొంచెం. పొగాకు లేకుండా, వేడిచేసిన సువాసన గాలిని పీల్చే పరికరానికి అమెరికాలో హెర్బర్ట్ గిల్బర్ట్ అనే ఆయన 1963లో పేటెంటుకు దరఖాస్తు పెట్టి 1965లో సంపాదించాడు. అది బజారుకు రాలేదు. ఇవాళ లోకమంతా పాకిన పరికరానికి మూలపురుషుడు చైనాలోని షెన్యాంగ్ నగరానికి చెందిన ఫార్మసిస్టు హాన్ లిక్. 2003లో ఆయన పేటెంటు కోరిన నమూనాలో ద్రవాన్ని తుంపర చేసే పని ప్రధానంగా పీజో మూలకానిది. అంటే చెవికి వినబడని అతిధ్వని కంపనాలతో ద్రవాన్ని చితకగొట్టి సన్నని తుంపరగా చిమ్మడం. తరవాత వచ్చిన పరికరాల్లో ఆ స్థానాన్ని వేడి తీగ ఆక్రమించింది. తీగ చవక, చిన్నది, చుట్టడం తేలిక. పైకి ఇది చిన్న మార్పులా కనబడుతుంది గానీ, కథ మలుపు తిరిగింది ఇక్కడే. కంపనంతో చిమ్మిన ద్రవం చాలావరకు తన రసాయన స్వరూపంతోనే బయటికొస్తుంది. ఎర్రగా కాలగల తీగ మీద మరిగించిన ద్రవం గురించి అంత ధీమాగా చెప్పలేం.

ఇక విప్పుదాం. ఈ పని మీరు ఇంట్లో చేయవద్దు, నా వెంట ఊహలో రండి చాలు. లోపలి లిథియం బ్యాటరీకి స్క్రూడ్రైవర్ గుచ్చుకున్నా, నలిగినా మంటలు లేస్తాయి. అందులోని ద్రవంలో ఉండే నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది, చిన్నపిల్లల నోట్లో పడితే ప్రాణాపాయం. మనం తొలితరం ఆటమైజర్‌నే తీసుకుందాం, 510 అనే పేరుతో చలామణి అయినదాన్ని. తరవాతి నమూనాలు ఎన్ని వచ్చినా వాటిలో చాలావాటికి బ్యాటరీతో కలిపే మర ఇప్పటికీ దీనిదే: 7 మిల్లీమీటర్ల అడ్డకొలత, మరకూ మరకూ మధ్య అర మిల్లీమీటరు. కింద నుంచి చూస్తే మధ్యలో ఒక చిన్న లోహపు పిన్ను, దాని చుట్టూ రబ్బరు లేదా సిలికాన్ వాషరు, ఆ వాషరు చుట్టూ లోహపు ఒర కనిపిస్తాయి. పిన్ను ఒక ధ్రువం, ఒర రెండో ధ్రువం. ఈ రెండూ ఒకదానికొకటి తగలకుండా అడ్డుపడేది ఆ వాషరు. దాన్ని తీసేస్తే లోపలి నుంచి రెండు తీగలు బయటపడతాయి, ఒకటి పిన్నుకు, ఒకటి ఒరకు సోల్డర్‌తోనో నొక్కుతోనో అతికి ఉంటాయి. గాలి లోపలికి రావడానికి మర దగ్గర సన్నని సందులుంటాయి. ఒరను పట్టకారుతో మెల్లగా ఊడదీస్తే పింగాణీ గిన్నె ఒకటి వస్తుంది, చిటికెన వేలి గోరంత. ఆ గిన్నెకు అడ్డంగా గాజు నూలుతో చేసిన వత్తి, ఆ వత్తి మీద నాలుగైదు చుట్లు చుట్టిన వెంట్రుక లాంటి తీగ. అసలు పరికరమంతా ఇదే. పైన వంతెనలా వంచిన నికెల్ నురుగు ముక్క ఒకటి ఉంటుంది. నోట పెట్టుకునే గొట్టంలోని దూదికి తగులుతూ, అక్కడి ద్రవాన్ని వత్తి దాకా చేర్చడం దాని పని. తరవాతి తరంలో ఈ వంతెన పోయింది, వత్తి కొసలే నేరుగా ద్రవపు తొట్టిలో మునిగాయి. గాజు నూలు బదులు దూది వచ్చింది, ఇంకా తరవాత పింగాణీలోనే పొదిగిన తీగలూ, జల్లెడ లాంటి రేకులూ వచ్చాయి. ఆకారం మారింది గానీ పని అదే.

బ్యాటరీ వైపు ఇంకొక ముక్క ఉంది, ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. మీట లేని పరికరాల్లో గాలి ఒత్తిడిని పసిగట్టే చిన్న బిళ్ల ఉంటుంది, నిర్మాణంలో మైక్రోఫోనుకు దగ్గర చుట్టం. దమ్ము లాగినప్పుడు లోపల ఒత్తిడి తగ్గి దాని పల్చని పొర కదులుతుంది, కరెంటు తీగలోకి పారుతుంది, కొసన బుల్లి దీపం వెలుగుతుంది. నిప్పు కణికలా కనిపించే ఆ వెలుగుకూ లోపలి వేడికీ సంబంధమేమీ లేదు.

వత్తి పని మనకు కొత్త కాదు. ప్రమిదలో నూనె వత్తిలోకి ఎలా పాకుతుందో, ఇక్కడ ద్రవమూ దారాల సందుల్లోకి అలాగే పాకుతుంది. నూనె ఉన్నంతసేపు ప్రమిదలో కాలేది నూనే, వత్తి పెద్దగా కాలదు. నూనె అయిపోగానే వత్తి మాడి కమురు వాసన వేస్తుంది. ఆటమైజర్ ప్రవర్తన అంతా ఇందులోనే ఉంది, దాన్ని అంకెల్లో చూద్దాం. తీగ సాధారణంగా కాంతల్, అంటే ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన మిశ్రమలోహం. లేదంటే నికెల్, క్రోమియం కలిసిన నిక్రోమ్. మిల్లీమీటరులో అయిదో వంతు మందం ఉన్న కాంతల్ తీగ నాలుగు సెంటీమీటర్ల పైచిలుకు తీసుకుంటే దాని నిరోధం సుమారు 2 ఓములు. బ్యాటరీ 3.7 వోల్టులది. ఓమ్ సూత్రం ప్రకారం 1.85 ఆంపియర్ల కరెంటు పారుతుంది, సెకనుకు దాదాపు 7 జౌళ్ల వేడి పుడుతుంది. 7 వాట్లంటే చిన్న ఎల్ఈడీ బల్బు వాడేపాటి కరెంటు, పెద్దగా భయపడేదేమీ లేదనిపిస్తుంది. కాని ఆ తీగ బరువు చూడండి. మహా అయితే 10 మిల్లీగ్రాములు. అంత తేలికైన తీగ ఒక డిగ్రీ వేడెక్కడానికి ఒక జౌల్‌లో 200వ వంతు కూడా అక్కర్లేదు. అంటే చుట్టూ ద్రవమే లేకపోతే, వేడి ఎటూ పోకపోతే, లెక్క ప్రకారం ఆ తీగ అర సెకనులో 700 డిగ్రీలకు పైగా ఎగబాకాలి. నిజానికి కొంత వేడి గాలిలోకీ వత్తిలోకీ పోతుంది గనక అంత ఎక్కదు. కాని పొడిగా ఉన్న తీగ కనురెప్ప వాల్చేలోగా ఎర్రబడటానికి కారణం ఇదే.

మరి మామూలుగా వాడేటప్పుడు అలా ఎందుకు ఎర్రబడదు? ద్రవం అడ్డుపడుతుంది గనక. ఆ ద్రవంలో ప్రధానంగా రెండు పదార్థాలు: 188 డిగ్రీల దగ్గర మరిగే ప్రొపిలీన్ గ్లైకాల్, 290 డిగ్రీల దగ్గర మరిగే గ్లిజరిన్. నికోటిన్ మరిగేది 247 డిగ్రీల దగ్గర. కొంచెం నీరు, కొంచెం సువాసన ద్రవ్యాలు. ద్రవం ఆవిరి కావడానికి చాలా వేడి మింగుతుంది. ఒక దమ్ముకు అయిదు మిల్లీగ్రాముల గ్లైకాల్ ఆవిరైందనుకుంటే, అది వేడెక్కి మరగడానికి సుమారు 7 జౌళ్లు ఖర్చవుతాయి. మూడు సెకన్ల దమ్ములో తీగ ఇచ్చేది 20 జౌళ్లు. మిగిలినది ఆవిరి కాని ద్రవాన్నీ, వత్తినీ, లోహాన్నీ, లోపలికి పారే గాలినీ వేడిచేయడానికి పోతుంది. ద్రవం మరుగుతున్నంతసేపూ తీగ ఉష్ణోగ్రత దాని మరుగు స్థానాన్ని దాటి మరీ పైకి పోలేదు. మనం పీల్చేదిగా మాత్రమే అనుకునే ఆ ద్రవమే ఈ యంత్రానికి చల్లదనం ఇచ్చే భాగం కూడా. ఇంజనీరు చూపుతో చూస్తే ఇది ఆందోళన కలిగించే అమరిక. వేరే యంత్రాల్లో చల్లబరిచే ద్రవం, ఖర్చయ్యే సరుకు వేర్వేరుగా ఉంటాయి. ఇక్కడ రెండూ ఒకటే. సరుకు తగ్గుతున్నకొద్దీ రక్షణా తగ్గుతుంది. పైగా గ్లిజరిన్ చిక్కటిది, వత్తిలో నెమ్మదిగా పాకుతుంది. వెంటవెంటనే దమ్ములు లాగితే తొట్టిలో ద్రవం నిండుగా ఉన్నా సరే, తీగ దగ్గరికి చేరేలోపే అక్కడ తడి ఆరిపోవచ్చు.

ఇప్పుడు మొదటి మాటకు వద్దాం. వచ్చేది నీటి ఆవిరి అన్న మాట ఎందుకు నిలబడదంటే, మరిగిన ఆ ఆవిరి గొట్టంలో చల్లని గాలి తగలగానే మళ్లీ ద్రవంగా మారుతుంది. మైక్రాన్‌లో కొద్ది వంతు సైజున్న కోట్లాది బిందువులుగా మారుతుంది. కంటికి తెల్లగా కనిపించే మబ్బు ఆ బిందువులదే, నిజమైన ఆవిరి కంటికి కనబడదు. ఆ బిందువుల్లో ఉండేది ప్రధానంగా గ్లైకాల్, గ్లిజరిన్. వాటితో నికోటిన్, సువాసన ద్రవ్యాలు, మనం విప్పిన ఆ లోహపు గూటిలోంచి వచ్చి చేరినవేమైనా ఉంటే అవి. అంత సన్నని బిందువులు ముక్కులోనో గొంతులోనో ఆగవు, ఊపిరితిత్తుల లోతట్టు గదుల దాకా పోతాయి. నీరు ఇందులో చిన్న భాగస్వామి.

రెండో మాట, ఇదీ సిగరెట్టే అన్నది కూడా నిలబడదు, న్యాయంగా మాట్లాడాలంటే దాన్నీ చెప్పాలి. దమ్ము లాగినప్పుడు సిగరెట్ కొస దగ్గర ఉష్ణోగ్రత సుమారు 900 డిగ్రీలకు చేరుతుంది. అక్కడ ఆకు కాలుతుంది. కార్బన్ మోనాక్సైడ్, తారు, మరో 7000 రసాయనాలు పుడతాయి. తడిగా ఉన్న ఆటమైజర్ తీగ దగ్గర దహనం లేదు, వేడి కూడా అంతకన్నా చాలా తక్కువ. ఆ రెండింటినీ ఒకే గాటన కట్టి పిల్లలకు చెప్పే పెద్దలు మంచి ఉద్దేశంతోనే చెబుతారు. కాని ఆ మాట తప్పని తెలిసిన రోజున పిల్లవాడు మిగిలిన హెచ్చరికలన్నిటినీ కూడా పక్కన పడేస్తాడు. అందుకే ఉన్నది ఉన్నట్టు చెప్పడమే మేలు.

ఉన్నది ఉన్నట్టు చెబితే తేలేదేమిటి? ఒకే సీసాలోని ద్రవం, ఒకే పరికరం, అయినా బయటికి వచ్చేది ఒకటి కాకపోవచ్చు. దీనికి బాగా తెలిసిన రుజువు 2015 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన లేఖ. వోల్టేజీ మార్చుకోగల పరికరం తీసుకుని 3.3 వోల్టుల దగ్గర పరీక్షిస్తే ఫార్మాల్డిహైడ్ విడుదల చేసే సమ్మేళనాలేవీ వారి పరికరాలకు దొరకలేదు. అదే పరికరాన్ని 5 వోల్టులకు పెంచితే గణనీయంగా దొరికాయి. మన 2 ఓముల తీగతో లెక్క వేస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. వోల్టేజీ వర్గంతో పాటు వేడి పెరుగుతుంది. 3.3 వోల్టుల దగ్గర అయిదున్నర వాట్ల లోపు, 5 వోల్టుల దగ్గర పన్నెండున్నర. వోల్టేజీ ఒకటిన్నర రెట్లు పెంచితే వేడి రెండింతలు దాటింది, వత్తి ద్రవాన్ని అందించే వేగం మాత్రం అలాగే ఉండిపోయింది. తడి ఆరింది, గ్లిజరిన్, గ్లైకాల్ మరగడంతో ఆగక విచ్ఛిన్నమయ్యాయి. గ్లిజరిన్ విరిగితే వచ్చేవాటిలో అక్రోలిన్ ఒకటి. మూకుట్లో నూనె మరీ కాగినప్పుడు కళ్లు మండించే పొగలో ఉండేది అదే పదార్థం.

ఈ లేఖ మీద గట్టి అభ్యంతరం వచ్చింది, దాన్ని దాటవేయకూడదు. గ్రీసు దేశపు హృద్రోగ నిపుణుడు ఫర్సలినోస్, ఆయన సహచరులు అదే ఏడాది తమ పరీక్షలు జరిపి ఒక మాట చెప్పారు: ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ లాంటి ఆల్డిహైడ్లు ఆ స్థాయిలో తడి ఆరిన దమ్ములోనే పుడతాయి, అలాంటి దమ్ము గొంతు పట్టుకునేంత చేదుగా ఉంటుంది, ఏ మనిషీ దాన్ని వరసగా పీల్చడు, యంత్రం మాత్రమే పీలుస్తుంది. ఈ వాదనలో బలముంది. 5 వోల్టుల అంకెను పట్టుకుని ఇ-సిగరెట్ సిగరెట్ కన్నా ఘోరమని రాసిన పత్రికలు తొందరపడ్డాయనే నా అభిప్రాయం. కాని ఆ విమర్శ నా వాదనను పడగొట్టదు, బలపరుస్తుంది. విమర్శకులు కూడా చెబుతున్నది తడి ఉంటే ఒకటి, తడి ఆరితే మరొకటి అనే కదా. ఇక రుచి హెచ్చరిస్తుంది అన్న ధైర్యం గురించి ఒక మాట. తడి ఆరడం దీపం ఆర్పినట్టు ఒక్కసారిగా జరగదు, అంచెలంచెలుగా జరుగుతుంది. చేదు తెలిసే గీత కంటే ముందే తీగ మీద కొన్ని చోట్ల వేడి పెరిగిపోతుంది. కొన్నాళ్లు వాడిన కాయిల్‌ను, అంటే ఆ తీగ చుట్టను, విప్పి చూస్తే దాని మీద నల్లగా గట్టిపడిన పొర కనిపిస్తుంది. తియ్యటి ద్రవాలు వాడితే ఆ పొర ఇంకా మందం. అక్కడ నల్లగా మాడి మిగిలిన పదార్థం ఉందంటే, మాడి గాలిలో కలిసి పోయిన భాగం కూడా ఉన్నట్టే. నాలుక పసిగట్టనంత మాత్రాన అది జరగలేదని కాదు. మామిడి, పుదీనా రుచులు కలిపిన ద్రవంలో నాలుక సాక్ష్యాన్ని ఇంకెంత నమ్మగలం?

తీగ నుంచీ, అతుకుల నుంచీ వచ్చే లోహాల సంగతి వేరే. ఇక్కడ ఆటమైజర్‌ను విప్పడమే శాస్త్రపద్ధతి అయింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్ శాఖలో మోనిక్ విలియమ్స్, ప్రూ టాల్బట్, వారి సహచరులు కార్టమైజర్లను, అంటే ద్రవపు తొట్టీ ఆటమైజరూ ఒకటిగా కలిసిన భాగాలను, ముక్కముక్కలుగా విప్పి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి, 2013లో ప్లోస్ వన్ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. లోపల నిక్రోమ్ తీగ, దానికి కలిపిన వెండి పూత ఉన్న రాగి తీగ, తగరంతో వేసిన సోల్డర్ అతుకులు కనిపించాయి. వత్తుల మీద, లోపలి గొట్టం మీద తగరపు రేణువులు కనిపించాయి. పీల్చే తుంపరలోనూ తగరం, వెండి, ఇనుము, నికెల్, అల్యూమినియం, సిలికేటు రేణువులు దొరికాయి. పరీక్షించిన 11 మూలకాల్లో 9 సిగరెట్ పొగలో ఉండేదానికి సమానంగానో ఎక్కువగానో ఉన్నాయని వారు రాశారు. ద్రవంలోనే ముందుగా లోహం ఉండి ఉండవచ్చుగా అని అడగవచ్చు. ఆ ప్రశ్నకు జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఓల్మెడో బృందం 2018లో నేరుగా జవాబు వెతికింది. బాల్టిమోర్ ప్రాంతంలో రోజూ వాడే 56 మంది సొంత పరికరాలే తీసుకుని, మూడు చోట్ల ద్రవాన్ని పరీక్షించింది: తీగను తాకని నింపుడు సీసాలో, తొట్టిలో, పీల్చే తుంపరలో. సీసాలో తక్కువగా ఉన్న సీసం, క్రోమియం, నికెల్ తొట్టిలోనూ తుంపరలోనూ పెరిగాయి. తుంపరలో సీసం మధ్యస్థ విలువ సీసాలో ఉన్నదానికి 25 రెట్లకు పైగా ఉంది. సీసాకూ నోటికీ మధ్య ఉన్నది ఒక్క ఆటమైజరే గనక, లోహం వచ్చిన దారి ఇక చర్చనీయాంశం కాదు. పరిమాణాలు చాలా చిన్నవి, స్టీలు గిన్నెల్లో వండుకున్నా ఇంత లోహం ఒంట్లోకి పోతుందని కొందరంటారు. తినడానికీ పీల్చడానికీ ఒకే లెక్క చెల్లదు. పేగుకు లోహాన్ని వడకట్టే, బయటికి నెట్టే ఏర్పాట్లున్నాయి, ఊపిరితిత్తుల లోతున అలాంటి వడపోత లేదు. ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు పీల్చే గాలిలో నికెల్, క్రోమియాలకు విడిగా పరిమితులు పెట్టడానికి కారణం అదే.

నోటి ద్వారా తింటే హాని లేనిది, వేడిచేసి పీలిస్తే ఎంత ప్రమాదకరం కాగలదో 2019లో అమెరికా చూసింది. ఇ-సిగరెట్, వేప్ పరికరాలు వాడినవారిలో హఠాత్తుగా ఊపిరితిత్తులు దెబ్బతిన్న కేసులు 2020 ఫిబ్రవరి నాటికి 2807 నమోదయ్యాయి, 68 మంది చనిపోయారు. పరీక్షించిన 51 మంది రోగుల్లో 48 మంది ఊపిరితిత్తుల ద్రవంలో విటమిన్ ఇ అసిటేట్ దొరికింది. గంజాయి సారం ఉన్న, ఎక్కువగా అనధికారికంగా అమ్మిన కార్ట్రిడ్జుల్లో చిక్కదనం కోసం కలిపిన పదార్థం అది. విటమిన్ మాత్రల్లో, ముఖానికి రాసుకునే క్రీముల్లో దశాబ్దాలుగా వాడుతున్నదే. దాన్ని బాగా వేడిచేస్తే కీటీన్ అనే విషవాయువు పుట్టే అవకాశం ఉందని ప్రయోగశాలలో తరవాత చూపారు. మామూలు నికోటిన్ ద్రవాలను ఈ ఉపద్రవంతో ముడిపెట్టడం అన్యాయం. కాని ఫుడ్ గ్రేడ్ అని చీటీ మీద రాసి ఉంటే పీల్చడానికీ మంచిదే అనుకునే నమ్మకం ఎంత పొరపాటో దీనికన్నా గట్టిగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

బ్రిటన్ ప్రభుత్వ వైద్యులే సిగరెట్ మానడానికి దీన్ని సిఫారసు చేస్తున్నారు కదా అన్నది మరో అభ్యంతరం, నిజమే. 2015లో అక్కడి ప్రభుత్వ సంస్థ పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ దీని హాని సిగరెట్ కంటే సుమారు 95 శాతం తక్కువని అంచనా వేసింది. సిగరెట్ మాన్పించడంలో నికోటిన్ పట్టీలు, చూయింగ్ గమ్ కంటే ఇది మెరుగని, వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి పరిశీలించే కోక్రేన్ సమీక్షలు చెప్పాయి. వాటిని నేను కాదనను. అయితే ఆ పోలిక ఎవరితోనో గుర్తుపెట్టుకోవాలి: ఇప్పటికే రోజూ సిగరెట్లు కాల్చే పెద్దవాడితో. అసలు పొగ ఎరగని పదహారేళ్ల పిల్లవాడికి ఆ లెక్క వర్తించదు. అతని విషయంలో పోల్చవలసింది మామూలు గాలితో. పైగా బ్రిటన్‌లో తొట్టి 2 మిల్లీలీటర్లు దాటకూడదు, నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు, అమ్మే ముందు పదార్థాలతో పాటు బయటికి వచ్చే తుంపర వివరాలనూ ప్రభుత్వానికి అందించాలి. అంటే అక్కడి చట్టం సీసా చీటీ దగ్గర ఆగకుండా ఆటమైజర్ నోటి దాకా వెళ్లింది. తీగ ఉష్ణోగ్రతను అదుపు చేయడం సాంకేతికంగా అసాధ్యం కూడా కాదు. కాంతల్ నిరోధం వేడితో పెద్దగా మారదు గనక దాన్నిబట్టి ఉష్ణోగ్రత తెలుసుకోలేం. నికెల్, టైటానియం, స్టెయిన్‌లెస్ స్టీలు తీగల నిరోధం వేడితో పెరుగుతుంది గనక ఒక చిప్ ఆ పెరుగుదలను కొలిచి, తడి ఆరగానే కరెంటు తగ్గించగలదు. అలాంటి పరికరాలు కొన్నేళ్లుగా ఉన్నాయి. చవక డిస్పోజబుల్ పరికరంలో ఆ ఏర్పాటు ఉందన్న భరోసా కొనేవాడికి ఎవరూ ఇవ్వరు.

మన దేశంలో దారి వేరు. 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు, ఆ డిసెంబరులో చట్టం వచ్చాయి. తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నేరాలయ్యాయి. నిల్వ తప్ప మిగిలినవాటిలో మొదటి నేరానికి ఏడాది దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా లేదా రెండూ, మళ్లీ చేస్తే మూడేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా. చట్టం ఉన్నప్పుడు ఇలా విడదీసి చూపడమెందుకు, పిల్లలకు కొత్త ఆసక్తి పుట్టించినట్టవదా అని కొందరు పెద్దలు అడగవచ్చు. నిషేధించిన వస్తువు చేతికి చిక్కదనే నమ్మకం ఉంటే ఆ అభ్యంతరానికి విలువ ఉండేది. దొడ్డిదారిన వచ్చిన పరికరాన్ని ఏ ప్రయోగశాలా పరీక్షించి ఉండదు. అందులో ఏ లోహపు తీగ ఉందో, ఏ సోల్డర్ వాడారో, ఎన్ని వాట్లకు అమర్చారో అడిగే దిక్కుండదు. ఆసక్తి పుట్టించేది రంగురంగుల డబ్బా, మామిడి వాసన, స్నేహితుడి మాట. లోపలి నల్లబడిన కాయిల్‌ను చూసి ముచ్చటపడే పిల్లవాడు ఉంటాడని నేననుకోను.

వేడి ఎక్కడ తగులుతుందన్న ప్రశ్న ఎంత ముఖ్యమో తెలుగు నేలకు తెలియనిది కాదు. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు, ముఖ్యంగా ఆడవాళ్లలో, తరతరాలుగా ఉండేది. మామూలుగా చుట్ట కాల్చేవాళ్లలో అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్ వీళ్లలో ఎక్కువగా కనిపించడాన్ని వైద్యులు 1950లలోనే గమనించి రాశారు. ఆకు అదే, చుట్ట అదే, నిప్పు ఉన్న చోటు మారింది. పొగాకులో ఏముందని మాత్రమే అడిగినంత కాలం ఆ తేడా అర్థమయ్యేది కాదు.

పదో తరగతి భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులకు నా విన్నపం ఇది. విద్యుత్తు పాఠంలో ఓమ్ సూత్రం, జౌల్ వేడి వచ్చినప్పుడు ఒక పీరియడ్ ఈ తీగకు కేటాయించండి. పరికరాన్ని తరగతికి తేనక్కర్లేదు, బోర్డు మీద బొమ్మ చాలు. 3.7 వోల్టులు, 2 ఓములు, 10 మిల్లీగ్రాముల తీగ ఇచ్చి, ద్రవం ఉంటే ఏమవుతుందో, లేకపోతే ఏమవుతుందో పిల్లల చేతే లెక్క కట్టించండి. రేపు ఎవరైనా అది వట్టి నీటి ఆవిరే అని చెబితే, ఆ లెక్క కట్టిన పిల్లవాడు తీగ ఎన్ని డిగ్రీల దగ్గర ఉందని ఎదురు అడగగలుగుతాడు.